‘గుండు కొట్టించుకున్నాను’ను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

తిరుపతిలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తుంటాను. మొన్న ఏడో తరగతి పిల్లవాడొకడు కొండకు పోయొచ్చి, గుండుకు చందనం పూసుకొని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే ‘ఐ షేవ్డ్ మై హెడ్’ అన్నాడు. తప్పని కొట్టేయబుద్ధి కాలేదు. వాక్యం బాగానే ఉంది. కానీ అది వింటే ముందు తోచేది, కత్తి వాడే పట్టుకున్నాడని. కల్యాణకట్టలో గుండు చేసింది వేరొకరు కదా!

‘తెలుగులో చెప్పు నాయనా’ అన్నాను. ‘గుండు కొట్టిచ్చుకున్నా సార్’ అన్నాడు. ఎంత చక్కగా ఉందో చూడండి. కొట్టు, ఇంచు, కొను. పని, దాన్ని ఇంకొకరి చేత చేయించడం, అది తన కోసమే కావడం, మూడూ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషులో ‘ఇంచు’ లాంటి ప్రత్యయం వాడుకలో లేదు. అందుకే మాటల వరుసతో చెప్పాలి: ‘ఐ హాడ్ మై హెడ్ షేవ్డ్’. హ్యావ్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియకు వీ త్రీ రూపం, అంటే పాస్ట్ పార్టిసిపుల్. ‘హాడ్ షేవ్డ్ మై హెడ్’ అని వరుస మారిస్తే మళ్లీ తనే గీసుకున్నట్టు అవుతుంది.

ఇది చదివి గ్రూపులో అడిగినవాళ్లకు నా జవాబులు ఇవి.

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు: సార్, మేక్, గెట్ కూడా చేయించడమే కదా? తేడా ఏముంది?

నా జవాబు: మంచి ప్రశ్న అన్నా. మన ‘చేయించాను’లో బలవంతమా, బతిమాలడమా అన్నది తెలియదు. ఇంగ్లీషు అది అడుగుతుంది. అమ్మ పట్టుబట్టి హోంవర్క్ చేయిస్తే ‘మేడ్ మీ డూ ఇట్’. ఎలక్ట్రీషియన్‌కు పని అప్పగిస్తే ‘హాడ్ హిమ్ ఫిక్స్ ద ఫ్యాన్’. తమ్ముణ్ణి ఒప్పించి తీసుకొస్తే ‘గాట్ హిమ్ టు కమ్’. ఈ మూడింటిలో ‘టు’ గెట్ దగ్గరే వస్తుంది. అయితే మేక్‌ను కర్మణిలోకి మారిస్తే ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వజ్ మేడ్ టు వెయిట్’. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తిరుచానూరు నుంచి ఒక సభ్యురాలు: మా పాప ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ వియ్ వెంట్’ అని రాస్తుంది. ఎన్నిసార్లు దిద్దినా అంతే.

నా జవాబు: అమ్మా, పాప తెలుగులోనే ఆలోచిస్తోంది. ‘వాన పడినా కానీ పోయినాం’ అని మనం అననే అంటాం, అది మనకు ఎబ్బెట్టు కాదు. ఇంగ్లీషులో ఆల్దో ఉంటే బట్ వద్దు, బికాజ్ ఉంటే సో వద్దు. ఎర్ర ఇంకుతో కొట్టేసి వదలకండి. అదే వాక్యాన్ని ఒకసారి ఆల్దోతో, ఒకసారి బట్‌తో పాప చేతే రాయించండి.