ఒకసారి కటి కీలు విడిపోతే, రెండో కాన్పు సిజేరియనేనా?

రెండోసారి తల్లి: మొదటి కాన్పులో కటి ఎముకలు ముందువైపు కలిసే కీలు, అంటే ప్యూబిక్ సింఫిసిస్ విడిపోయింది. ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఎడం 18 మిల్లీమీటర్లు. పక్కమీద అటునుంచి ఇటు ఒత్తిగిలాలన్నా పంటి బిగువున నొప్పి భరించేదాన్ని. బెల్టు, వాకర్‌తో నెలలు గడిచాయి. ఇప్పుడు మళ్ళీ గర్భం. ఇంట్లో అందరూ సిజేరియన్ అంటున్నారు. మీరేమంటారు?

సూటిమాట: సిజేరియనే. ఒకసారి విడిపోయింది మళ్ళీ విడిపోవచ్చని డాక్టర్లే అంటారు. మీరు మంచాన పడితే ఇద్దరు పిల్లలను ఎవరు ఎత్తుకుంటారు?

ఫిజియో: విడిపోవచ్చు, నిజమే. కానీ సిజేరియన్‌తో కటి నొప్పి రాదన్న భరోసా ఎక్కడిది? గర్భంలోనే ఆ కీలు వదులవుతుంది. మామూలుగా 4, 5 మి.మీ. ఉండే ఎడం మరో 2, 3 పెరుగుతుంది. 10 దాటితే విడిపోయిందంటారు. పైగా కోత తర్వాత పొట్ట కండరాలకు కొంతకాలం పట్టు ఉండదు. వదులైన కటికి కావలసింది ఆ పట్టే.

మొదటిసారి ఎందుకు విడిపోయిందో కనుక్కోండి. బిడ్డ బరువు ఎక్కువా? ఫోర్సెప్స్, అంటే బిడ్డ తలను పట్టి బయటికి తీసే పటకారు వాడారా? తొడలు బలవంతంగా ఎడం చేశారా? చివరిదే కారణమైతే ఈసారి జాగ్రత్తపడవచ్చు. నెలలు నిండాక వెల్లకిలా పడుకుని, నొప్పి లేకుండా మోకాళ్ళు ఎంత దూరం జరపగలరో టేపుతో కొలిపించి కేస్ షీటులో రాయించండి. ఎపిడ్యూరల్, అంటే కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తుమందు ఇచ్చాక కాళ్ళు ఎంత లాగినా మీకు తెలియదు, అబ్బా అని కూడా అనరు. అప్పుడు సిబ్బందికి ఆ కొలతే ఆధారం. పక్కకు తిరిగి పడుకుని కూడా కనవచ్చు.

సూటిమాట: కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. బిడ్డ గుండె వేగం పడిపోతుంటే మీ టేపు కొలత ఎవరు చూస్తారండీ?

ఫిజియో: ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. అందుకే మొదటిసారి బాగా ఎక్కువగా విడిపోయినవారు, ఇంకా కుంటుతూ నడిచేవారు ముందే సిజేరియన్ నిర్ణయించుకుంటే నేను కాదనను. పూర్తిగా కోలుకున్నవారినీ అదే గాటన కట్టడమే నాకు నచ్చనిది.

రెండోసారి తల్లి: బిడ్డ బరువు మామూలే. ఇద్దరు చెరోవైపు నా తొడలు నొక్కిపట్టారు. టప్‌మన్న శబ్దం నాకే వినిపించింది. కేస్ షీటులో ఆ ఊసే లేదు. ఇప్పుడు చదునైన నేల మీద ఎంత నడిచినా ఏమీ లేదు, మెట్లెక్కితే మాత్రం కలుక్కుమంటుంది. ఇది కోలుకున్నట్టా, కానట్టా?

ఫిజియో: పూర్తిగా కానట్టే. నెలలు నిండేదాకా ఆగకుండా ఇప్పుడే చూపించుకోండి. టప్‌మన్న సంగతి, కాళ్ళు నొక్కిన సంగతి ఈ డాక్టర్‌తో చెప్పి రాయించండి. అంతవరకు బట్టలు కూర్చునే వేసుకోండి, ఒంటికాలి మీద నిలబడవద్దు.