మిథిలీన్ బ్లూ తేటపడింది, ధర్మవరం రంగునీళ్లు మాత్రం కదలట్లే

ప్రశ్న (ఎమ్మెస్సీ, అనంతపురం):
అన్నా, ప్రాజెక్టులో ఇరుక్కుపోయినా. లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన నీళ్లలో, ఎండ తగిలితే రంగును విరిచే టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి మిద్దె మీద ఎండలో పెడితే గంటన్నరకే నీళ్లు తేటపడినాయి. సంబరపడి ధర్మవరం పోయి పట్టుకు రంగేసే చోట ఒక క్యాను నీళ్లు తెచ్చినా, ఎర్రగా చిక్కగా ఉండాయి, అదే పొడి, అదే ఎండ, నాలుగు గంటలైనా రంగు తగ్గలే, పొడే ఎర్రబడి అడుగున కూర్చుంది. మా అమ్మమ్మోళ్ల ఇంటి పక్క కాలవలోకే ఆ నీళ్లు పోతాయి, వదిలెయ్యబుద్ధి కాలేదు. యాడ తప్పు చేస్తాండా?

జవాబు 1:
వెలుతురు లోపలికి పోవట్లేదు తమ్ముడూ. ఆ పొడికి 387 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతే కావాల, ఎండలో అది నూటికి నాలుగైదు పాళ్లే, దాన్నీ నీ ఎర్రరంగే మింగేస్తాది. ఇరవై రెట్లు పల్చన చేసి, బీకరు మానేసి వెడల్పాటి ట్రేలో వేలెడు లోతు మించకుండా పొయ్యి.

జవాబు 2:
మా నాయన రంగుల పనే చేస్తాడు, అందుకే చెప్తాండా. పట్టుకేసేవి ఎక్కువగా యాసిడ్ రంగులు, నెగటివ్ చార్జివి. మిథిలీన్ బ్లూ పాజిటివ్, దాన్ని చూసి దీన్ని అంచనా వెయ్యలేం. పీహెచ్ ఆరు కన్నా తగ్గితే పొడి మీద పాజిటివ్ చార్జి వచ్చి రంగు దానికే అతుక్కుంటాది, చిక్కటి నీళ్లలో అయితే పొడంతా కప్పేస్తాది, నీ పొడి ఎర్రబడింది అందుకే. ఇంకోటి, మా బోరునీళ్లు కాగబెడితే గిన్నెలో సున్నం కడుతుంది కదా, ఆ బైకార్బొనేట్, ఎండలో పొడి మీద పుట్టి రంగును విరిచే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని మధ్యలోనే తినేస్తాది, పల్చన చేసేది బోరునీళ్లతో కాదు, డిస్టిల్డ్ వాటర్‌తోనే. ముందు ఆసిడ్ వేసి పీహెచ్ నాలుగుకు తెచ్చి కాసేపు గాలి కొట్టు, బైకార్బొనేట్ గ్యాసై పోతాది. పల్చటి నీళ్లలో రంగు కొంచెమే అతుక్కుంటాది, పొడిని కప్పెయ్యదు. పట్టు జిగురు తీసిన సబ్బునీళ్లు కలిసినాయేమో కూడా అడుగు, అందులోని ప్రొటీను కూడా రాడికల్స్‌ని తింటాది, ఆ నీళ్లు వేరే పట్టాల.

జవాబు 3:
లైటు ముందు చీకట్లో అరగంట కలుపు, లేకుంటే పొడికి అంటుకున్న రంగునే విరిగిందని రాసేస్తావు. పొడి లేని నీళ్లు కూడా పక్కన ఎండలో పెట్టు. రంగు పోతే పని అయిపోలేదు, అజో రంగులు (నైట్రోజన్ జంట ఉండే రంగులు) సగంలో విరిగితే అమీన్లనే విషపు పదార్థాలు మిగలొచ్చు, సీఓడీ (నీళ్లలో మిగిలిన సేంద్రియ మురికిని ఆక్సిజన్ లెక్కలో చెప్పే పరీక్ష) తప్పకుండా చూడు.

ప్రశ్న అడిగినవాడు:
ఇరవై రెట్లు పల్చన చేసి, పీహెచ్ నాలుగు, స్టీలు పళ్లెంలో పోసినా. చీకట్లో అరగంటకే కొంచెం రంగు తగ్గింది, ఎండలో రెండు గంటలకు లేత గులాబీ అయింది, పొడి లేని పళ్లెం ఎర్రగానే ఉండాది. సీఓడీకి రెండు సీసాలు పట్టి ఫ్రిజ్‌లో పెట్టినా, సోమవారం చూస్తా.