ఇల్లు ఇచ్చేముందు కులం అడుగుడు: చట్టం సరిపోతదా, జంట పరీక్ష పెట్టాల్నా?

గోదావరి_గట్టు:
మహారాష్ట్రల నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్న. ధర్మాబాద్ అయినా బల్లార్‌పూర్ అయినా తీరు ఒకటే. గేటుకు ‘ఖోలీ భాడ్యానే దేణే ఆహే’ (గది అద్దెకు ఇస్తం) అని మరాఠీ బోర్డు ఉంటది. ఫోన్ చేస్తే రమ్మంటరు. ఇంటిపేరు అడుగుతరు, అది చాలకపోతే ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కున ఉంటదని అడుగుతరు. ఆ తర్వాత ‘నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చిపోయిన్రు’ అంటరు. బోర్డు మాత్రం ఇంకో నెల అట్లనే వేలాడుతది.

నా వాదన ముందే చెప్తున్న. ఒట్టి చట్టంతో ఈ పని కాదు. ఒకే ఇంటికి ఇద్దరిని పంపి, తేడాను కాగితం మీద పెట్టే జంట పరీక్ష కావాలె. చికాగో నగరం చూడండి. నల్లవాళ్లకు అమ్మొద్దని అక్కడ దస్తావేజుల్లోనే రాసుకునేటోళ్లు. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. బ్రోకర్లు వివక్ష చూపొద్దని 1963లో నగర కౌన్సిల్ శాసనం చేసింది. అయినా బ్రోకర్ల దుకాణాలు పాత తీరునే నడిచినయి. 1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ నార్త్ లాండేల్ పేటలో, సౌత్ హామ్లిన్ అవెన్యూ 1550 నంబరు ఇంట్లకు అద్దెకు దిగిండు. ఆ ఎండాకాలం ఉద్యమం వాళ్లు ఒకే బ్రోకర్ దగ్గరికి నల్లవాళ్లను ఒకసారి, తెల్లవాళ్లను ఒకసారి పంపిన్రు. వాళ్లకు లేవన్న ఇళ్లు వీళ్లకు ఉన్నయి. ఆ రుజువు చేతిలో పెట్టుకునే తెల్లవాళ్ల పేటల్లో ఊరేగింపులు తీసిన్రు. ఆగస్టు 5న మార్క్వెట్ పార్క్ దగ్గర కింగ్ తలకు రాయి తగిలింది. మూడు వారాలకు, ఆగస్టు 26న, మేయర్ డేలీ, రియల్ ఎస్టేట్ బోర్డు ఒప్పందానికి వచ్చిన్రు.

వకీల్_చంద్రపూర్:
అన్నా, చికాగో కథ ఒప్పందంతో ఆపేస్తే సగమే చెప్పినట్టు. అది మాటల ఒప్పందం. అమలు చేయించే అధికారం ఎవరి చేతికీ రాలేదు. కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, దేశం మొత్తానికి ఇళ్ల వివక్ష నిషేధ చట్టం వచ్చింది. దాంట్లో కూడా అక్కడి కేంద్ర ఇళ్ల శాఖ చేయగలిగింది ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయించడమే. కోర్టుకు పోయి గెలిచినా శిక్షగా వేసే పరిహారం వెయ్యి డాలర్లు దాటకూడదు. 1988 సవరణతో గానీ శాఖకే కేసు నడిపే బలం రాలేదు, ఆ వెయ్యి హద్దు పోలేదు. ఇరవై ఏళ్లు! కాబట్టి పరీక్ష గెలిపించింది అనకండి. పరీక్ష బయటపెట్టింది, చట్టానికి పళ్లు మొలిచాకే అది పనిచేసింది.

మన దగ్గర పళ్లు కొన్ని ఉన్నాయి, వాడేవాళ్లు తక్కువ. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం, 7వ సెక్షన్ వివరణ తీసి చదవండి. ‘బహిష్కారం’ అంటే ఏమిటో చెబుతూ, ఇల్లు గానీ భూమి గానీ అద్దెకు ఇవ్వనని నిరాకరించడాన్ని అందులో పేరు పెట్టి రాశారు. 12వ సెక్షన్ ప్రకారం బాధితుడు షెడ్యూల్డ్ కులం వాడైతే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. చిక్కు ఎక్కడంటే, 7వ సెక్షన్‌లో బహిష్కారం నేరమయ్యేది ఆ మనిషి అంటరానితనం రద్దుతో వచ్చిన హక్కును వాడుకున్నందుకు చేసినప్పుడు. ‘ఇల్లడిగాడు, లేదన్నాను’ అంటే ఆ ముడి పడదని ఎదుటి వకీలు వాదిస్తాడు. శిక్ష కూడా నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 500 దాటదు.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇంకా బలమైనది. ‘ఆర్థిక బహిష్కారం’ నిర్వచనంలో మామూలు వ్యవహారంలో ఇచ్చే షరతులకు ఇవ్వనని నిరాకరించడం కూడా ఉంది. ఒక్క యజమాని ఒక్కసారి కాదంటే అది బహిష్కారమా అన్నదే కోర్టులో పోట్లాట.

ఇక మనవాళ్లకు ముఖ్యమైన మాట. తెలంగాణ నుంచి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలకు ‘మీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు’ అని స్టేషన్‌లో చెప్పి పంపేస్తుంటారు. రిజర్వేషన్‌కు అది నిజమే. అత్యాచారాల కేసుకు కాదు. ఆ చట్టం రక్షణ రాష్ట్రం దాటినా పోదని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం 2023లో తేల్చింది. ఆ తీర్పు కాపీ ఫిర్యాదుకు జతచేయండి.

సొసైటీ_లెక్కలు:
అద్దె ఒకటి, హౌసింగ్ సొసైటీలో ఫ్లాటు కొనడం ఇంకొకటి. రెంటినీ కలపకండి.

2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో పార్సీలకే సభ్యత్వం అన్న బైలా (సొసైటీ సొంత నియమం) చెల్లుతుందంది. అప్పటి నుంచి ప్రతి సొసైటీ సెక్రటరీ ‘మాకూ హక్కుంది’ అంటున్నాడు. ఆ కేసులో బైలా రిజిస్టరై ఉంది. మీ సొసైటీ బైలాలో అలాంటి నియమం రాసి ఉందా? ముందు ఆ కాపీ అడగండి. ప్రభుత్వ నమూనా బైలాలు తీసుకున్న సొసైటీల్లో అలాంటిది ఉండదు.

మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం 1960, 23వ సెక్షన్: సరైన కారణం లేకుండా సభ్యత్వం కాదనకూడదు. 22(2): దరఖాస్తు అందిన మూడు నెలల్లో ఏ నిర్ణయమూ చెప్పకపోతే సభ్యుడైనట్టే లెక్క. అందుకే చాలా సొసైటీలు దరఖాస్తే తీసుకోవు. తీసుకోకపోతే 23(1ఏ) కింద ఫారం, డబ్బు నేరుగా సహకార సంఘాల రిజిస్ట్రార్ దగ్గర పెట్టండి, ఆయనే సొసైటీకి పంపాలి. కాదన్నారా, అరవై రోజుల్లో అప్పీలు. మనవాళ్లు ఓడిపోయేది ఇక్కడే: దరఖాస్తు చేతికిచ్చి వచ్చేస్తారు. ఆవక్ (అందినట్టు) ముద్ర, తేదీ లేని దరఖాస్తుకు మూడు నెలలు ఎప్పటి నుంచి లెక్కపెడతారు? ముద్ర వేయకపోతే రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 2019లో ఇళ్ల సొసైటీలకు వేరే అధ్యాయం, 13-బి, చేర్చారు. దాన్ని కూడా పక్కన పెట్టుకునే రాయండి.

అద్దెకు ఇచ్చే సభ్యుడి మీద ‘ఫలానావాళ్లను పెట్టావు’ అని ఎక్కువ రుసుం వేస్తే, మున్సిపల్ పన్నులు తీసేసి సర్వీస్ చార్జీల్లో 10 శాతం దాటకూడదని 2001లోనే ప్రభుత్వ ఉత్తర్వు ఉంది.

సిరోంచ_వంతెన:
నేను జంట పరీక్షకు వ్యతిరేకం, చెప్తున్న. ఇల్లు అక్కర లేని మనిషిని అక్కర ఉన్నట్టు పంపుడు అబద్ధం. అమెరికాల బ్రోకర్ ఆఫీసుంటది, దాన్ని పరీక్షిస్తే ఒక కంపెనీని పరీక్షించినట్టు. ఇక్కడ కింద ముసలామె ఉంటది, మీద రెండు ఖోలీలు ఇస్తది. వాళ్ల చట్టంల కూడా యజమాని తానుండే ఇల్లు నాలుగు వాటాలలోపుంటే వదిలిపెట్టిన్రు కదా? పరీక్షలని తెలిస్తే జనం బోర్డులే తీసేస్తరు, తెలిసినోళ్లకే చెవిల చెప్పుకుంటరు. అప్పుడు ఇంకా దొరకది.

గోదావరి_గట్టు:
తమ్ముడూ, ఆ మినహాయింపు నిజమే. కానీ ఆ మినహాయింపున్న ఇల్లైనా ‘ఫలానావాళ్లకు ఇయ్యం’ అని ప్రకటన వేయొద్దని అదే చట్టంల ఉంది. పరీక్షకు పోయినాయన అబద్ధం ఆడిండన్న వాదన అక్కడి సుప్రీంకోర్టుదాకా పోయింది. 1982 హేవెన్స్ కేసుల, ఇల్లు కొనే ఉద్దేశం లేకున్నా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు పరీక్షకుడే దావా వేయొచ్చన్నరు. మన దగ్గర అట్లాంటి తీర్పు చేతిలో లేదు కాబట్టి, పరీక్షతో నేరుగా కేసు కాదు, నిజంగ ఇల్లు వెతికే మనిషి ఫిర్యాదుకు సాక్ష్యంగా వాడుకోవాలె. పెద్దమ్మ రెండు ఖోలీలు వదిలేద్దాం. పది వాటాల బిల్డింగులు, ఏజెంట్లు, హాస్టళ్లు. అక్కడి నుంచి మొదలుపెడదాం.

పరీక్ష సరిగ చేయకపోతే పనికిరాదు. కాగితం ఒకటే పేజీ: తేదీ, టైము, బోర్డు ఫోటో, ఎవరు మాట్లాడిన్రు, అద్దె ఎంత చెప్పిన్రు, డిపాజిట్ ఎన్ని నెలలు, తాళం తీసి చూపించిన్రా, ఏం అడిగిన్రు (వాళ్ల మాటల్లోనే, మరాఠీ అయితే మరాఠీలోనే). ముందు పోవాల్సింది దళిత ఇంటిపేరున్న మనిషి. లేదన్నంక గంటలోపు రెండో మనిషి. తిరగేస్తే ‘మొదట వచ్చినాయనకు మాటిచ్చిన’ అని తప్పించుకుంటరు. ఇద్దరి జీతం, ఇంట్ల మనుషుల సంఖ్య, మాంసం తింటరా అంటే చెప్పే జవాబు ఒక్కటే ఉండాలె. మాంసం సంగతి తప్పకుండ, ఎందుకంటే కులానికి అదే ముసుగు. భాష కూడా. ఒకాయన మంచి మరాఠీ, ఇంకొకాయన మన యాస మాట్లాడితే, కొలిచింది కులాన్నా భాషనా తేలది. ఇద్దరూ కాగితాలు వేరువేరుగ నింపి ఇయ్యాలె, మాట్లాడుకోవద్దు. రెండో మనిషి అడ్వాన్స్ ముట్టజెప్పొద్దు.

మిర్చి_యార్డు:
అన్నలూ, మీరందరూ గడప దాటడం గురించే మాట్లాడుతున్నారు. చికాగోలో గడప దాటినవాళ్లకు ఏమైందో అది కూడా చెప్పండి. బ్యాంకులు అప్పు ఇవ్వవు కాబట్టి నల్ల కుటుంబాలు కిస్తుల ఒప్పందం మీద కొన్నారు. కిస్తులన్నీ తీరేదాకా పట్టా అమ్మినవాడి పేరు మీదే. ఒక్క కిస్తు తప్పితే ఇల్లూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. 1968లో నార్త్ లాండేల్ కొనుగోలుదారులు సంఘం కట్టి కిస్తులు ఆపి కొట్లాడారు.

ఇక్కడ కూడా కాదనడం కంటే ఎక్కువగా జరిగేది వేరే: ‘ఇస్తాం, కానీ మీకు ఆరు నెలల డిపాజిట్, రాతకోతలు వద్దు’. రాత వద్దన్నచోటే ఆగండి. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 1999, 55వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించే బాధ్యత యజమానిది. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. రిజిస్టర్ కాకపోతే షరతుల విషయంలో అద్దెకున్నవాళ్ల మాటే చెల్లుతుంది, కాదని యజమాని రుజువు చేయాలి. అందుకని డిపాజిట్ నగదుగా ఇవ్వకండి, ఖాతాలో వేయండి. పరీక్షకు ముందు ఇది నేర్పితే ఇప్పుడే ఇళ్లలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

వకీల్_చంద్రపూర్:
అక్క చెప్పిందే మొదటి మెట్టు అంటాను. పరీక్ష పెట్టేవాళ్లకు ఒక్క జాగ్రత్త: ఫోన్ రికార్డింగు వాట్సాప్‌లో పంపుకుని అసలుది చెరిపేస్తే కేసు అక్కడే పోతుంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద కాపీకి సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫోను అలాగే దాచండి.

సిరోంచ_వంతెన:
హాస్టళ్లు, ఏజెంట్ల వరకైతే నేను అడ్డం చెప్ప. ఇంటి యజమానుల దగ్గరికి పోతే మాత్రం ఒప్పుకోను, ఇప్పటికీ అదే మాట.

గోదావరి_గట్టు:
సరే, యజమానులుండే ఇళ్లు పక్కన పెడుతున్న. ఫారం తెలుగుల తయారైంది. మరాఠీ ప్రతి ఎవరైనా రాస్తరా? ‘ఇంటిపేరు’ కాలంల ‘ఆడనావ్’ అని రాయాలె, లేకపోతే నింపేటోళ్లు ఇంటి బోర్డు పేరు రాస్తరు.