అటారీ 2600 పాక్‌మ్యాన్: తప్పు మెషీన్‌దా, రాసినవాడిదా?

చుక్కలవేట:
1980లో నామ్కో తెచ్చిన ఆర్కేడ్ ఆట పాక్‌మ్యాన్‌ను (చిట్టడవిలో చుక్కలు తింటూ దయ్యాల్ని తప్పించుకోవాలి) 1982 మార్చిలో అటారీ తన 2600 (టీవీకి తగిలించి ఆడే ఇంటి గేమ్ మెషీన్) మీదికి దించింది. రాసింది టాడ్ ఫ్రై. 70 లక్షలకు పైగా కార్ట్రిడ్జ్‌లు అమ్ముడుపోయాయి, దయ్యాలు మిణుకుమంటాయని తిట్లు మాత్రం ఇప్పటికీ ఆగలేదు. ఎవర్ని అడిగినా "128 బైట్ల ర్యామ్‌తో పాపం ఏం చేస్తాడు" అంటారు. నేను ఒప్పుకోను. ఏడాది తిరిగేసరికి అదే మెషీన్ మీద మిస్ పాక్‌మ్యాన్ వచ్చింది, దయ్యాలు చక్కగా కనపడ్డాయి.

స్కాన్‌లైన్76:
మిస్ పాక్‌మ్యాన్ కార్ట్రిడ్జ్‌లో రోమ్ (ఆట కోడ్, బొమ్మలు ఉండే మెమరీ) 8 కేబీ అండీ, ఇది 4 కేబీ. ఆ పోలికే చెల్లదు.

చుక్కలవేట:
1981లో ఆస్టరాయిడ్స్‌కి బ్యాంక్ స్విచింగ్ (రోమ్‌ని ముక్కలుగా మార్చి మార్చి చూపే పద్ధతి) పెట్టి 8 కేబీ ఇచ్చారు కదా. దీనికి ఇవ్వకపోవడం కంపెనీ పిసినారితనం. మెషీన్‌ని ఎందుకు అంటారు?

స్కాన్‌లైన్76:
సరే, మెషీన్ సంగతే చూద్దాం. తెర మీద బొమ్మ గీసే టీఐఏ చిప్‌లో 8 పిక్సెళ్ల వెడల్పున్న ప్లేయర్ బొమ్మలు రెండే. ఒకటి పాక్‌మ్యాన్‌కి పోయింది. మిగిలినదాన్ని నాలుగు దయ్యాలు వంతులేసుకుంటాయి. సెకనుకి 60 ఫ్రేములైతే ఒక్కో దయ్యం కనపడేది 15 సార్లే, అందుకే ఆ మిణుకు.

దాన్ని అదే ఫ్రేమ్‌లో కింద ఇంకోచోట మళ్లీ వాడుకోవచ్చుగా అంటారు. వాడుకోవచ్చు. కానీ ఒక్కో స్కాన్‌లైన్‌కి (టీవీ గీసే ఒక అడ్డగీతకి) సీపీయూకి దొరికేది 76 సైకిళ్లు. బొమ్మని కొత్త చోటికి జరపాలంటే టీవీలో గీత గీసే బీమ్ సరిగ్గా అక్కడికి వచ్చిన క్షణంలో రిజిస్టర్‌లో రాయాలి. ఆ నిరీక్షణకే ఒక గీత మొత్తం పోతుంది. పైగా చిట్టడవి ఎడమా కుడీ ఒకేలా ఉన్నా తిన్న చుక్కలు ఒకేలా ఉండవు. చుక్కలున్న గీతల్లో ప్లేఫీల్డ్‌ని (గోడలూ చుక్కలూ గీసే నేపథ్యాన్ని) ఎడమ సగానికి మూడుసార్లు, కుడి సగానికి మూడుసార్లు రాయాలి. ఒక్కో రాతకి ఏడు సైకిళ్ల చొప్పున 42 అక్కడే ఖర్చు. మిగిలిన 34లో రెండు బొమ్మలు గీసి, మూడోది జరపమంటారా?

మిణుగురు:
గోడల గీతల్లో ఆ బాధ లేదుగా. అక్కడ రెండు సగాలూ ఒకటే, ఎడమ సగాన్ని కుడివైపు అద్దంలా చూపే రిఫ్లెక్ట్ బిట్ పెడితే చాలు. జరిపే పని అక్కడ చెయ్యొచ్చు.

స్కాన్‌లైన్76:
దయ్యం గోడ వరుస కోసం ఆగదు కదా బాసూ. నిలువు సందులో వస్తూ ఏ గీత మీదైనా ఉండొచ్చు.

మిణుగురు:
అందుకే మిస్ పాక్‌మ్యాన్ చేసిన పని చూడండి. దయ్యాలు ఎత్తులో వేరువేరుగా ఉన్నంతసేపూ ఒకే ఫ్రేమ్‌లో గీస్తుంది, ఒకే అడ్డవరుసలో గుమిగూడినప్పుడే వంతులేస్తుంది. దానికి కావాల్సింది దయ్యాల్ని పై నుంచి కిందికి క్రమంలో పెట్టడం, కాస్త ర్యామ్. ఆ ర్యామ్ ఎటు పోయిందో లెక్క చూస్తే కథ తెలుస్తుంది. 126 చుక్కలకి చుక్కకో బిట్ చొప్పున 16 బైట్లు. ఇద్దరు వంతులవారీగా ఆడాలన్నారు కాబట్టి రెండోవాడి చుక్కలు, స్కోరు, ప్రాణాలు కూడా విడిగా దాచాలి. 128లో అది చిన్న ముక్కేం కాదు. అది మెషీన్ పెట్టిన షరతు కాదు, ఎంచుకున్నది.

చుక్కలవేట:
అదీ మాట! ఇక రంగులకి ఏం సాకు చెప్తారు? ఆర్కేడ్‌లో నల్లటి తెర. ఇక్కడ నీలం. నలుపు చెయ్యడానికి మారాల్సింది ఒక్క బైట్ విలువ.

స్కాన్‌లైన్76:
నీలం విషయంలో మీదే గెలుపు. చుక్కలూ గోడలూ ఒకే రంగులో ఉండటం మాత్రం వేరు. రెండూ ప్లేఫీల్డే, గీత మధ్యలో రంగు మార్చాలంటే మళ్లీ సైకిళ్లే.

గెస్ట్_కుర్రాడు:
అన్నా, నేను తీసిన వీడియోలో రెండు దయ్యాలే ఉన్నాయి. రోమ్ ఫైల్ పాడైందా?

మిణుగురు:
ఫైల్ బాగానే ఉంది తమ్ముడూ. 30 ఫ్రేముల్లో రికార్డ్ చేసి ఉంటావు. ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ పట్టుకుంటే ఒకటో దయ్యం, మూడో దయ్యమే దొరుకుతాయి. రెండు, నాలుగు ఎప్పటికీ రావు. 60లో తియ్యి, స్టెల్లా ఎమ్యులేటర్‌లో ఫాస్ఫర్ (పాత టీవీ వెలుగుని అనుకరించేది) ఆన్ చెయ్యి. పాత పిక్చర్‌ట్యూబ్ టీవీలో వెలుగు కాసేపు నిలిచేది కాబట్టి ఇంత ఘోరంగా ఉండేది కాదు. ఎల్‌సీడీ మీద చూసి ఆ ఆటని తిట్టేవాళ్లు సగం తిట్లు టీవీకి పంచాలి.

చుక్కలవేట:
పాక్‌మ్యాన్ పైకి పోతున్నా మొహం పక్కకే పెడతాడు. అదీ టీవీ తప్పేనా?

స్కాన్‌లైన్76:
అది రోమ్ కరువు. పైకి, కిందికి నోరు తెరిచే బొమ్మలు విడిగా పెడితే ఇంకో యాభై బైట్లు సుమారు. 4 కేబీలో ఆ చోటు కోసం దేన్ని తీసేసేవారో చెప్పండి.

మిణుగురు:
రెండో ఆటగాణ్ణి.