కుక్కర్‌లో ఉడికిస్తే అది కొషా మాంగ్షో అవుతుందా?

ఖరగ్‌పూర్ కోడలు: మా అత్తవారిది ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబం. ఈ శుక్రవారం రాత్రి ఎనిమిది మంది భోజనానికి వస్తున్నారు. కొషా మాంగ్షో (మసాలాలో దగ్గరగా వేయించే బెంగాలీ మాంసం కూర), బాసంతీ పులావు (పసుపురంగు తియ్యటి పులావు) చేద్దామనుకున్నాను. అయితే కుక్కర్ ఎక్కించిన మాంసాన్ని కొషా అనకూడదని, అది ఉత్త ఝోల్ (పలుచని పులుసు కూర) అవుతుందని పక్కింటి బెంగాలీ పెద్దావిడ తేల్చి చెప్పారు. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే నేను రెండు గంటలు మూకుడు ముందు నిలబడలేను. కుక్కర్‌లో వండి కొషా అని వడ్డిస్తే తప్పా?

శ్యామ్‌బజార్ పాతకాపు: తప్పేనమ్మా. బెంగాలీలో ‘కొషానో’ అంటే మసాలాను, మాంసాన్ని నూనె తేలే వరకు కలియబెడుతూ వేయించడం. వంటకానికి ఆ పేరు వచ్చిందే ఆ పని వల్ల. కోల్‌కతా శ్యామ్‌బజార్‌లోని గోల్‌బాడీ హోటల్లో పరోటాతో ఇచ్చే కొషా దాదాపు నల్లగా ఉంటుంది, పులుసు ముక్కను అంటిపెట్టుకొని ఉంటుంది. మూత బిగించి ఈలలు వేయిస్తే మాంసంలోని నీరు ఎటూ పోలేక పులుసుగా మిగులుతుంది. ఆదివారం మధ్యాహ్నం బంగాళాదుంపలు వేసి చేసే ఝోల్‌కు కుక్కర్ వాడండి, ఎవరూ కాదనరు. పేరు మాత్రం మార్చకండి.

వంటింటి లెక్కలు: పాతకాపు గారు పేరు గురించి చెప్పినది ఒప్పుకుంటాను, కానీ పాత్ర గురించి చెప్పినది ఒప్పుకోను. ముక్కను మెత్తబరచడం ఒక పని, వేయించడం మరొక పని. కుక్కర్ మొదటిది చక్కగా చేస్తుంది, రెండోది చేయలేదు. కుక్కర్‌లో ఆవిరి వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కనుక గట్టి నరాలు త్వరగా కరుగుతాయి, కాని నీరున్నంతసేపూ ఏదీ ఎర్రగా వేగదు. అందుచేత వేపుడు ముందు కొంత, తరువాత కొంత మూకుడులోనే జరగాలి.

నేను చేసే పద్ధతి ఇది. కిలోన్నర మాంసానికి పెరుగు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెడతాను. ఆవనూనెను పొగ వచ్చే వరకు కాచి, మంట తగ్గించి, బిర్యానీ ఆకు, చెక్క, లవంగం, యాలకులతో పాటు ఒక చెంచా పంచదార వేస్తాను. అది గోధుమరంగుకు తిరిగిన క్షణంలోనే సన్నగా తరిగిన ముప్పావు కిలో ఉల్లిపాయలు పడాలి, ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఉల్లి బాగా ఎర్రబడ్డాక మాంసం వేసి, పెద్ద మంట మీద పావుగంట వేయించి, నీళ్లు పోయకుండా కుక్కర్‌లోకి మార్చి, సన్న మంట మీద నాలుగు ఈలలు రానిస్తాను. చివరగా అంతా మళ్లీ మూకుడులోకి వంచి, అడుగున గీరుతూ ఇరవై నిమిషాలు దగ్గరపడనిస్తే అంచుల్లో నూనె విడుతుంది. ఈ చివరి ఇరవై నిమిషాలు మానేసేవారికే పాతకాపు గారి మాట వర్తిస్తుంది.

గుంటూరు కారం మనిషి: మాంసం సంగతి సరే, తియ్యటి పులావు ఎందుకండీ? మా ఇంట్లో అయితే అతిథులు పాయసం ముందే వచ్చిందనుకుంటారు.

వంటింటి లెక్కలు: కారంగా, జిడ్డుగా ఉండే కూర పక్కన ఆ కాస్త తీపి బాగా ఇముడుతుంది. దానికి వాడే గోవిందభోగ్ అనే బెంగాలీ చిన్నగింజ బియ్యం దొరకకపోతే మన చిట్టిముత్యాలు వాడండి. గింజ చిన్నది, వాసన ఉంటుంది. బియ్యం కడిగి, ఆరబెట్టి, నెయ్యి, పసుపు, అల్లం పట్టించాకే వండాలి. పంచదారను అన్నం ముప్పావు ఉడికాక చల్లితే తీపి మీ చేతిలో ఉంటుంది.

ఖరగ్‌పూర్ కోడలు: గురువారం రాత్రే కూరను ఆ చివరి వేపుడు ముందు వరకు వండి పెట్టుకుంటాను. శుక్రవారం పెద్దావిడను కూడా పిలిచాను, మూకుడు దగ్గర గరిట ఆవిడ చేతికే ఇస్తాను.

శ్యామ్‌బజార్ పాతకాపు: అలా అయితే కొషా అనండి. ఎవరైనా అడిగితే మాత్రం ఈలల సంగతి దాచకండి.