మావాడికి మోచేయి నొప్పి – బేస్‌బాల్‌లో పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) చేసే పిల్లలున్నవాళ్లు ఒకసారి చూడండి

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్తే. మావాడికి 11 ఏళ్లు. రెండు టీముల్లో ఆడుతున్నాడు. వారం మధ్యలో ఊళ్లో సరదాగా ఆడే రెక్ లీగ్, వీకెండ్ టోర్నమెంట్లకి వేరే ఊళ్లు తిరిగే ట్రావెల్ టీమ్. పోయిన గురువారం రెక్ లీగ్‌లో పిచ్ చేశాడు, శనివారం ట్రావెల్‌లో చేశాడు, ఆదివారం రెండు గేముల్లో క్యాచర్‌గా (మన కీపర్ లాగా) కూర్చున్నాడు. సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ మోచేయి లోపలివైపు నొప్పిగా ఉందన్నాడు. కోచ్‌ని అడిగితే ఐస్ పెట్టండి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది అన్నాడు. ఈ శనివారం మళ్లీ టోర్నమెంట్, ఫీజు కట్టేశాం. నేను చిన్నప్పుడు గల్లీ క్రికెట్ తప్ప ఏమీ ఆడలేదు, ఈ ఆట నాకు సగమే అర్థమవుతుంది. ఆడించొచ్చా?

షార్లెట్ కోచ్ బాబాయ్:
ఆడించకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. గురువారం ఎన్ని పిచ్‌లు, శనివారం ఎన్ని?

ఫ్రిస్కో నాన్న:
ఇప్పుడే యాప్‌లో చూశాను. గురువారం 58, శనివారం 61. రెండూ 85 లోపే కదా? ఆ 85 లెక్క మా కోచే చెప్పాడు.

షార్లెట్ కోచ్ బాబాయ్:
అక్కడే అందరం బోల్తాపడేది. 11–12 ఏళ్లవాళ్లకి రోజుకి 85 అన్నది నిజమే. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పెట్టిన ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాల్లో ఉంది. కానీ అందులో సగమే మీ కోచ్ చెప్పాడు. రెండో సగం విశ్రాంతి లెక్క. 14 ఏళ్ల వరకు ఉన్న పిల్లలు 20 దాకా వేస్తే మర్నాడు మళ్లీ వేయొచ్చు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు ఆగాలి, 36–50 అయితే రెండు రోజులు, 51–65 అయితే మూడు, 66, ఆపైన అయితే నాలుగు. మీవాడు గురువారం 58 వేశాడు. శుక్ర, శని, ఆదివారాలు ఆగి సోమవారం వేయాలి. శనివారమే 61 వేశాడు.

ఇందులో ఏ ఒక్క కోచ్ తప్పూ లేకపోవచ్చు. రెక్ కోచ్‌కి శనివారం సంగతి తెలీదు, ట్రావెల్ కోచ్‌కి గురువారం సంగతి తెలీదు. ఎవరి పుస్తకంలో వాళ్ల లెక్క కరెక్టే. రెండు పుస్తకాలూ చూసేది ఇంట్లోవాళ్లే. నేను ఎనిమిదేళ్లుగా వాలంటీర్ కోచ్‌ని, సీజన్ మొదట్లో ప్రతి తల్లికీ తండ్రికీ ఇదే చెప్తాను. పిచ్‌లు లెక్కపెట్టే పని కోచ్‌కి అప్పగించకండి.

ఇక క్యాచర్ సంగతి. క్యాచర్ ప్రతి పిచ్ తర్వాతా బంతిని వెనక్కి విసురుతూనే ఉంటాడు. అందుకే పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో 41 పిచ్‌లు వేసిన పిల్లాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా కూర్చోకూడదని రూలే ఉంది. వేరే రోజైతే రూలు అడ్డుపడదు గానీ, చెయ్యి మాత్రం అదే చెయ్యి.

న్యూజెర్సీ ఫిజియో అక్క:
నేను ఫిజియోథెరపిస్ట్‌ని, పిల్లల కేసులు రోజూ చూస్తాను. పిల్లాడిని చూడకుండా ఇది ఫలానా అని చెప్పను. కానీ ఈ వయసులో మోచేయి లోపలివైపు నొప్పి అంటే ముందు అనుమానించేది ఎముక పెరిగే చోటునే. అక్కడ ఇంకా ఎముక గట్టిపడలేదు, మెత్తటి కార్టిలేజ్ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇదే బలం పడితే లిగమెంట్ సాగుతుంది, తెగుతుంది. పిల్లల్లో లిగమెంట్ కంటే ఆ పెరిగే చోటే బలహీనం, అందుకని దెబ్బ ముందు అక్కడ తగులుతుంది. ఇక్కడి డాక్టర్లు దీన్ని ‘లిటిల్ లీగర్స్ ఎల్బో’ అంటారు. భుజంలోనూ ఇలాంటిదే వస్తుంది.

పిల్లల ఆర్థోపెడిక్ డాక్టర్‌కి, కుదిరితే స్పోర్ట్స్ కేసులు చూసేవాళ్లకి చూపించండి. ఎక్స్‌రే తీస్తారు, చాలాసార్లు పోల్చడానికి రెండో మోచేయి కూడా తీస్తారు, కంగారుపడకండి. అప్పటిదాకా విసరడం పూర్తిగా బంద్. దయచేసి నొప్పి మాత్ర వేసి మాత్రం ఆడించకండి. నొప్పి ఒక్కటే ఆ పిల్లాడికి ఆగమని చెప్పేది, దాని నోరూ మూసేస్తే ఇంకేం మిగలదు. ఐస్ పెడితే హాయిగా ఉంటుంది, అంతే. ఎక్కువ వేసిన పిచ్‌లు వెనక్కి రావు.

ఆస్టిన్ స్పీడ్‌గన్:
అందరూ మరీ భయపెడుతున్నారు. మా అబ్బాయికి 13. ప్రైవేట్ కోచింగ్‌లో వెయిటెడ్ బాల్స్‌తో (మామూలుకంటే బరువైన బంతులతో) చేయిస్తున్నాం, ఒక్క చలికాలంలో 5 మైళ్ల స్పీడ్ పెరిగింది. హైస్కూల్ టీమ్‌లోకి వెళ్లాలంటే స్పీడ్ చూస్తారు. మన పిల్లలు పొట్టిగా ఉంటారు, వెనకబడిపోతారు. ఐఐటీ ఫౌండేషన్ ఆరో క్లాసులోనే మొదలుపెట్టినట్టు ఇదీ ముందే మొదలుపెట్టాలి.

న్యూజెర్సీ ఫిజియో అక్క:
స్పీడ్ పెరుగుతుంది, కాదనను. 13 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద ఆరు వారాల వెయిటెడ్ బాల్ ప్రోగ్రామ్ చేయించి చూసిన స్టడీ 2018లో వచ్చింది. స్పీడ్ పెరిగింది. వాటితో చేసినవాళ్లలో 24 శాతం మంది గాయపడ్డారు కూడా. మామూలు బంతితో చేసినవాళ్లలో ఒక్కరికీ గాయం కాలేదు. బేరం తెలిసి ఒప్పుకుంటే మీ ఇష్టం. కానీ అబ్బాయికి ఆ రెండో సగం ఎవరైనా చెప్పారా?

షార్లెట్ కోచ్ బాబాయ్:
స్పీడ్‌గన్ గారూ, మేజర్ లీగ్ వాళ్లే 2024 డిసెంబర్‌లో పిచర్ల గాయాల మీద పెద్ద నివేదిక ఇచ్చారు. ప్రతి పిచ్చీ ఫుల్ స్పీడ్‌తో వేయడం, స్పీడ్ వెంట పడటం, ఇవే పెద్ద కారణాలని రాశారు. ఆ జబ్బు పైనుంచి పిల్లలు సెలెక్టర్లకి ఆట చూపించుకునే షోకేస్ టోర్నమెంట్ల దాకా దిగిందని కూడా ఉంది. మేజర్ లీగ్ పిచర్ గ్రెగ్ మ్యాడక్స్ ఈనాటి లెక్కలో స్పీడ్ ఉన్నవాడు కాదు, 355 గేములు గెలిచాడు. ఫౌండేషన్ క్లాసుతో పోలిక బావుంది గానీ, అక్కడ అరిగేది పెన్సిల్.

ఆస్టిన్ స్పీడ్‌గన్:
హహ. సరే, ఆ స్టడీ చదువుతాను. మానేస్తానని మాటివ్వను.

ఆర్లింగ్టన్ అభిమాని:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా పిల్లల గదిలో పిచర్ కుమార్ రాకర్ ఫొటో ఉంది. వాళ్లమ్మ భారతీయ సంతతి, పేరులోనే కుమార్ ఉంది కాబట్టి మనవాడే అని మా ఇంట్లో తీర్మానం. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిటర్ (అవతలివాళ్లకి ఒక్క హిట్టూ ఇవ్వని గేమ్) వేశాడు. 2022లో మేజర్ లీగ్ టీమ్ టెక్సస్ రేంజర్స్ వాళ్లు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మూడో పిక్‌గా తీసుకున్నారు. 2023 మేలో మోచేతికి టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంట్‌ని బాగుచేసేది) అయింది. 2024 సెప్టెంబర్‌లో గానీ మేజర్ లీగ్‌లో తొలి గేమ్ ఆడలేదు. సర్జరీ చేయించుకుంటే చెయ్యి ఇంకా గట్టిపడుతుందని మా పార్కులో ఒకాయన సీరియస్‌గా చెప్తుంటాడు!

న్యూజెర్సీ ఫిజియో అక్క:
అది పెద్ద అపోహ. ఆ సర్జరీ మొదటిసారి 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్‌కి చేశారు. టామీ జాన్ 1976లోగానీ తిరిగి రాలేదు. ఆ తర్వాత 164 గేములు గెలిచాడు కాబట్టి కథ గొప్పగా వినిపిస్తుంది. తెగినదాన్ని బాగుచేయడానికి చేసే సర్జరీ అది. వచ్చే స్పీడ్ ఏదైనా ఉంటే ఏడాదికిపైగా పద్ధతిగా చేసిన వ్యాయామం వల్ల వచ్చేది, అది సర్జరీ లేకుండానూ చేయొచ్చు.

అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలు చూడండి. ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటి పిచ్ చేసిన పిల్లలకి గాయం అయ్యే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. చెయ్యి అలిసిపోయాక కూడా తరచూ వేస్తూ పోయినవాళ్లకి 36 రెట్లు. మూడున్నర, 36. అలసట ఎంత పెద్ద విషయమో అందులోనే ఉంది.

ఫ్రిస్కో నాన్న:
అలిసిపోయాడని ఎలా తెలుస్తుంది? అడిగితే ‘అయామ్ ఫైన్’ తప్ప ఇంకో మాట రాదు.

షార్లెట్ కోచ్ బాబాయ్:
నోటిని అడక్కండి, ఒంటిని చూడండి. పిచ్‌లన్నీ పైకి లేస్తుంటాయి. మోచేయి భుజం ఎత్తు నుంచి కిందికి జారుతుంది. పిచ్‌కీ పిచ్‌కీ మధ్య టైమ్ పెరుగుతుంది, టోపీ సర్దుకుంటాడు, షూ లేసు కట్టుకుంటాడు. నా టీమ్‌లో ఒకడు లేసు రెండోసారి కట్టుకుంటే నేను మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీదకి నడుస్తాను.

టెక్నిక్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను. పిల్లల్లో ఎక్కువమంది చేత్తో విసురుతారు. విసరాల్సింది కాళ్లతో, నడుముతో. మా అమ్మమ్మ రేవులో దుప్పటి ఉతకడం చూశాను, బండ మీద బాదేటప్పుడు బలం చేతిలోంచి వచ్చేది కాదు, మొత్తం ఒళ్లు తిరిగేది. అదే ఇది. ముందు కాలు క్యాచర్ వైపు నేలకి ఆనాలి, ఆ క్షణానికి మోచేయి దాదాపు భుజం ఎత్తుకి వచ్చి ఉండాలి. నడుము ముందు తిరగాలి, ఛాతీ ఆ వెనక. వేశాక చెయ్యిని టక్కున ఆపేయకుండా ఎదుటి మోకాలి దాకా పోనివ్వాలి. లేకపోతే ఆ వేగాన్నంతా భుజం వెనక కండరాలే ఆపాల్సి వస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ తీసి, కాలు ఆనే చోట ఆపి చూడండి. ఆ ఒక్క ఫ్రేమ్ చాలు.

ఒకసారి ఒక్కటే సరిచేయండి. ఐదు తప్పులు ఒకేసారి చెప్తే పిల్లాడు మౌండ్ మీద వివాహభోజనానికి వచ్చిన కొత్తల్లుడిలా బిగుసుకుపోతాడు.

ఎడమచేతి అమ్మ:
కర్వ్ బాల్ (వంపు తిరిగే బంతి) నేర్పించొచ్చా బాబాయ్ గారూ? మా అమ్మాయికి 12, లెఫ్టీ. ఫ్రెండ్స్ అందరూ వేస్తున్నారట.

షార్లెట్ కోచ్ బాబాయ్:
కర్వ్ వల్లే మోచేయి పోతుందని అందరూ అంటారు గానీ, ల్యాబ్‌లో కొలిస్తే పిల్లల్లో ఫాస్ట్‌బాలే మోచేతి మీద ఎక్కువ బరువు వేస్తుందని తేలింది. అయినా నేను ముందు చేంజప్ నేర్పుతాను. బంతిని వేళ్ల చివర్న కాకుండా కొంచెం అరచేతిలోకి తోసి, పండిన జామకాయ పట్టుకున్నట్టు పట్టుకుని, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్ అంత వేగంగానే తిప్పాలి. బంతి నెమ్మదిగా వెళ్తుంది, బ్యాటర్ ముందే ఊపేస్తాడు. 12 ఏళ్లకి ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు.

ఎడమచేతి అమ్మ:
థాంక్యూ అండీ. మా అమ్మాయి చెయ్యి బానే ఉంది, మాకు సమస్య తలలో. నాలుగు బాల్స్ (గురి తప్పిన పిచ్‌లు) వరసగా పడ్డాయంటే కళ్లనిండా నీళ్లు. టీమ్‌లో ఒక్కతే అమ్మాయి, అదో టెన్షన్. నేను కంచె వెనక నిలబడి ‘పర్లేదు నాన్నా, స్ట్రైక్ వెయ్యి’ అని అరిచేదాన్ని. ఒకరోజు కార్లో చాలా మెల్లిగా అంది: ‘అమ్మా, ప్రతి బాల్‌కీ నేను నీ ముఖం చూస్తున్నా. నువ్వు ముఖం అలా పెట్టకు.’ నేను నవ్వుతున్నాననే అనుకున్నాను ఇన్నాళ్లూ!

ఆ వారం నుంచి అవుట్‌ఫీల్డ్ వెనక కుర్చీ వేసుకుంటున్నాను, ముఖం కనపడనంత దూరం. దానికి వాళ్ల కోచ్ ఒక అలవాటు నేర్పారు. చెడ్డ పిచ్ పడితే మౌండ్ వెనక్కి దిగడం, ఫౌల్ పోల్ (మైదానం అంచున ఉండే స్తంభం) పైకొస చూడడం, ఒక ఊపిరి నిదానంగా వదలడం, మళ్లీ ఎక్కడం. ఇంట్లో మేం పెట్టుకున్న రూలు ఇంకోటి. ఎన్ని రన్స్ ఇచ్చావు అని అడగం. మొదటి పిచ్ స్ట్రైక్ ఎంతమందికి పడింది, అదొక్కటే రాస్తాం. పోయినసారి గేమ్ ఓడిపోయారు, తను మాత్రం ‘14 మందిలో 9 మందికి!’ అని గంతులేసింది. కార్లో ఆట గురించి మాట్లాడం, ఏం తినాలన్నదే మాట్లాడుకుంటాం.

బెజవాడ తాతయ్య:
నేను మనవడి దగ్గరికి ఆరు నెలలు వచ్చాను. కాలేజీ రోజుల్లో ఫాస్ట్ బౌలర్‌ని. మనవడు ఆదివారం బేస్‌బాల్, శనివారం మన తెలుగువాళ్ల క్రికెట్ అకాడమీ. బౌలింగ్‌లో మోచేయి చాచి వేస్తాం కదా, దీనికీ దానికీ సంబంధం లేదని మా అబ్బాయి అంటాడు. నిజమేనా?

న్యూజెర్సీ ఫిజియో అక్క:
నమస్కారం తాతయ్య గారూ. సగం నిజం. బౌలింగ్‌లో ఎక్కువ దెబ్బ నడుముకి, పిచింగ్‌లో మోచేతికి, భుజానికి. కానీ అకాడమీలో ఫీల్డింగ్ ప్రాక్టీస్ చూడండి, బౌండరీ నుంచి కీపర్‌కి ఎన్నిసార్లు విసురుతాడో. అదంతా విసరడమే. 9–12 ఏళ్లవాళ్లకి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మాన్పించాలని పిచ్ స్మార్ట్ చెప్తుంది, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి. బేస్‌బాల్ సీజన్ అయిపోగానే క్రికెట్‌కి పంపితే చేతికి సెలవు ఎప్పుడు? ఆ నెలల్లో ఈత వద్దు, టెన్నిస్ వద్దు, అవీ భుజం పైనుంచే. సాకర్ ఆడించండి, పరిగెత్తించండి.

బెజవాడ తాతయ్య:
మంచిదమ్మా. ఈ రోజు నుంచి లెక్క నాది. పచారీ కొట్టు చిట్టాలా నాలుగు గీతలు, అడ్డంగా ఐదోది. క్రికెట్ త్రోలు ఎర్ర పెన్ను, పిచ్‌లు నీలం పెన్ను.

ఫ్రిస్కో నాన్న:
అప్‌డేట్. డాక్టర్ రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీశారు. కుడివైపు పెరిగే చోట కొంచెం ఎడం కనపడుతోందట. విరగలేదు, సర్జరీ గిర్జరీ లేదు. ఆరు వారాలు విసరడం లేదు, తర్వాత ఫిజియో దగ్గర దగ్గరి దూరాలతో మెల్లిగా మొదలు. ‘ఇంకో రెండు టోర్నమెంట్లు ఆడి ఉంటే ఇంత సులువుగా వదిలేవాళ్లం కాదు’ అన్నారు. ఫీజు వెనక్కి రాలేదు, పోతే పోయింది. ఇద్దరు కోచ్‌లనీ ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఇద్దరూ సారీ చెప్పారు.

శనివారం మావాడు డగౌట్‌లో క్లిక్కర్ పట్టుకుని కూర్చుని రెండు టీముల పిచ్‌లూ లెక్కపెట్టాడు. ఐదో ఇన్నింగ్స్‌లో అవతలి పిచర్ లేసు కట్టుకుంటుంటే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ‘నాన్నా, 79. రెండోసారి కట్టుకుంటున్నాడు.’ బాబాయ్ గారూ, మీ పోస్ట్ వాడికి చదివి వినిపించాను, అదీ సంగతి.

అక్కా, ఒక ప్రశ్న. పెరట్లో మా కుక్కకి టెన్నిస్ బంతి విసరడం కూడా లెక్కలోకి వస్తుందా అని రోజూ ప్రాణం తీస్తున్నాడు.

న్యూజెర్సీ ఫిజియో అక్క:
వస్తుంది. ఎడమచేత్తో విసరమనండి. కుక్క ఏమీ అనుకోదు.