"షూల్ అ రూన్": 'రూన్' అంటే గుట్టా, ప్రాణమా?

కార్క్ కోడలు:
పెద్దలందరికీ నమస్కారం. మేం ఐర్లండ్‌లో కార్క్‌లో ఉంటాం. ఇక్కడి బడుల్లో ఐరిష్ భాష నేర్పుతారు. మా పాప ఈమధ్య ఒక పాట పట్టుకొచ్చింది. ప్రియుడు యుద్ధానికి వెళ్ళిపోతే ఒక పిల్ల పాడుకునే పాట. చరణాలు ఇంగ్లీషులో, పల్లవి ఐరిష్‌లో. పాప నోట విన్నది విన్నట్టు రాస్తున్నా:

షూల్, షూల్, షూల్ అ రూన్
షూల్ గొ సొకర్ అగస్ షూల్ గొ క్యూన్
షూల్ గొ దొరస్ అగస్ ఏలీ లుమ్
ఇస్ గొ జే తూ మొ వూర్నీన్ స్లాన్

"నడు, నడు, నడు, రూన్. నెమ్మదిగా నడు, చప్పుడు కాకుండా నడు. తలుపు దాకా నడిచి నాతో తప్పించుకు రా. నా ముద్దుల వాడా, క్షేమంగా వెళ్ళు." ఇదీ టీచరు చెప్పిన అర్థం. మా తెలుగు పిల్లల కార్యక్రమంలో దీన్ని తెలుగులో పాడిద్దామని కూర్చుంటే రెండుచోట్ల బండి ఆగింది. నిఘంటువులో 'రూన్' అంటే రహస్యం అని ఉంది. "నడు, ఓ నా రహస్యమా" అంటే పాటలా ఉందా, డిటెక్టివ్ నవలలా ఉందా? రెండోది ఆఖరి పాదం. మూడో పాదంలో "నాతో రా" అన్న మనిషి నాలుగో పాదంలో "వెళ్ళు" అంటుందేమిటి?

వ్యాకరణం పిచ్చోడు:
అక్కా, 'అ' అనేది సంబోధన. మన 'ఓ' లాంటిదే. 'రూన్' మొదటి అర్థం గుట్టు, మర్మం. జర్మానిక్ జాతుల పాత లిపికి 'రూన్లు' అన్న పేరూ ఈ కుటుంబపు మాటే. ఇప్పటి ఐరిష్‌లో 'రూనీ' అంటే సెక్రటరీ, అంటే గుట్లు దాచేవాడు. ఇంగ్లీషు సెక్రటరీలోనూ ఉన్నది సీక్రెట్టే కదా. పనిలోపనిగా ఇంకోటి: మూడో పాదంలోని 'దొరస్' మన 'ద్వారం'కి దూరపు చుట్టం. రెండింటి మూలం ఒకటే.

తెనాలి మాస్టారు:
అమ్మా, పిలుపులో పడ్డ మాటకి నిఘంటువు అర్థం వెతకకూడదు. మనం పిల్లల్ని "బంగారూ" అంటాం. అన్నప్పుడు తులం ధర ఎవడికైనా గుర్తొస్తుందా? కూతుర్ని "నా తల్లే" అంటాం, కొడుకుని "నా తండ్రే" అంటాం. ఐరిష్ వాళ్ళూ అంతే. 'అ స్టోర్' అంటే నిధి, 'అ ఖుష్లె' అంటే నాడి. "నా నాడీ" అని అనువదిస్తే వైద్యుడు పరుగెత్తుకొస్తాడు. 'ప్రాణమా' అనండి, చాలు.

వ్యాకరణం పిచ్చోడు:
మాస్టారూ, మామూలు పాటైతే మీతో ఒప్పుకునేవాణ్ణే. ఈ పల్లవిలో మాత్రం తర్వాతి పాదమంతా నెమ్మదిగా, చప్పుడు కాకుండా, తలుపు దాకా. నిద్రపోతున్న అర్థాన్ని పాటే తట్టి లేపుతోంది. 'ప్రాణమా' అంటే ఆ గుట్టంతా పోతుంది.

కొత్త సభ్యుడు:
ఐర్లండ్ విప్లవ గీతాల్లో దేశాన్ని ఆడపిల్ల పేరుతో పిలుస్తారని చదివాను. ఈ 'రహస్యం' కూడా దేశమేనేమో? నిఘా కళ్ళు కప్పడానికి పెట్టిన సంకేతం?

గుంపు పెద్ద:
మీరు విన్నది 'రోషీన్ దువ్' పాట గురించి అయ్యుంటుంది. నల్లని చిన్న గులాబీ అని అర్థం. అక్కడ ఆ పిల్ల ఐర్లండే. బాధపడకు, రోమ్ నుంచీ స్పెయిన్ నుంచీ సాయం వస్తోందని ఆమెను ఊరడిస్తారు. 1798 తిరుగుబాటు పాటల్లో అదే దేశం 'షాన్ వాన్ వోఖ్త్', నిరుపేద ముసలమ్మ. ఈ పాట ఆ కోవలోది కాదు. ఇక్కడ పాడేది ఆడమనిషి, వెళ్ళిపోయినవాడు ఒట్టి మగాడు. తిరుగుబాటు లేదు, జెండా లేదు. ఏ రాజు పేరూ, ఏ యుద్ధం పేరూ వినపడదు. చరణాల్లో ఊరి పేరు కాని, దేశం పేరు కాని ఉందంటే ఫ్రాన్స్ ఒక్కటే.

ఆ ఒక్క పేరును పట్టుకునే చాలామంది దీన్ని 1691కి ముడిపెడతారు. ఇంగ్లండు సింహాసనం కోసం జేమ్స్, విలియమ్ కొట్లాడుకున్నారు. జేమ్స్ పక్షాన నిలిచిన ఐరిష్ కాథలిక్ సైన్యం లిమరిక్ కోట దగ్గర లొంగిపోయింది. అక్టోబరు 3న ఒప్పందం. ఫ్రాన్స్ రాజు కొలువుకు వెళ్ళాలనుకున్న సైనికులు వెళ్ళవచ్చన్నది అందులో ఒక షరతు. వాళ్ళ నాయకుడు పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ వెంట పదివేలకు పైగా ఓడలెక్కారు. వాళ్ళనే తర్వాత 'అడవి బాతులు' అన్నారు. సార్స్‌ఫీల్డ్ రెండేళ్ళకే, 1693లో, లాండెన్ యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడు.

అమ్మాయ్, మీ కార్క్ రేవు కూడా ఈ కథలో ఉంది. ఓడల్లో అందరి పెళ్ళాం బిడ్డలకూ చోటు చాలలేదు. కొందరు ఆడవాళ్ళు పడవల తాళ్ళు పట్టుకుని వేలాడితే వేళ్ళు తెగి నీళ్ళలో పోయారని మెకాలే తన ఇంగ్లండు చరిత్రలో రాశాడు. అవును, మన చదువుల మీద 1835లో 'మినిట్' అనే సిఫారసు పత్రం రాసిన మెకాలేనే!

సిరిసిల్ల మగ్గం:
అక్కా, చరణాలు గూడ పెట్టు. రాట్నం ముచ్చట ఉన్నదని విన్న.

కార్క్ కోడలు:
ఉంది అన్నా. "నా రాక్ అమ్ముతా, రీలు అమ్ముతా, ఉన్న ఒక్క రాట్నమూ అమ్ముతా, నా వాడికి ఉక్కు కత్తి కొంటా." రాక్ అంటే రాయి అనుకుని మొదట 'బండ' అని రాశాను. నవ్వకండి.

సిరిసిల్ల మగ్గం:
నవ్వను గని, అది బండ గాదు. నార చుట్టి పట్టుకునే కర్ర. వాళ్ళది అవిసె నార, గొర్రె బొచ్చు. పొడుగు పోగులు గాబట్టి కర్రకు చుట్టి, అండ్లకెళ్ళి గుంజుకుంట వడుకుతరు. మనది పత్తి. ఏకులు చేసి వడుకుతం, మనకు ఆ కర్రతోని పని లేదు. అందుకే దానికి మన దిక్కు పేరు గూడ లేదు. రీలంటే వడికిన నూలును చిలపలు చుట్టే చట్రం. నన్నడిగితే "ఏకులమ్ముత, కదురమ్ముత, ఉన్న ఒక్క రాట్నమమ్ముత" అని రాయి. వస్తువు మారుతది, నిజమే. గని మన ఆడోళ్ళ చేతుల ఉన్నయి అవ్వే. ఇంకో మాట. రాట్నం అమ్మినంక ఆ పిల్ల రేపు ఏం తింటది? దాని మీద ఎవ్వరూ మాట్లాడ్తలేరు.

కార్క్ కోడలు:
పాటే మాట్లాడింది అన్నా. తర్వాతి చరణంలో పావడాలకు ఎర్ర రంగు వేసుకుని లోకమంతా అడుక్కు తింటానంటుంది. ఇంకో చరణంలో కొండ మీద కూర్చుని కడుపారా ఏడుస్తుంది, ఒక్కో కన్నీటిబొట్టుకీ ఒక మిల్లు తిరగాలంటుంది. 'తిరగలి' అని రాశాను.

తెనాలి మాస్టారు:
తిరగలి చేత్తో తిప్పేదమ్మా, కన్నీళ్ళతో తిరగదు. అది నీటి ధారకి తిరిగే పిండిమర. 'నీటిమర' అంటే సరిపోతుంది. కన్నీరు, నీటిమర, రెండింట్లోనూ నీరు కూడా కలుస్తుంది.

వ్యాకరణం పిచ్చోడు:
అడుక్కోవడం అన్నారు కాబట్టి ఓ మాట. 'షూల్' నుంచే 'షూలోర్' వచ్చింది, నడిచేవాడు అని. ఐర్లండ్ ఇంగ్లీషులో అది 'షూలర్' అయి, ఊరూరా తిరిగే బిచ్చగాడికి పేరైంది. వాణ్ణి నడవమన్న పిల్ల చివరికి తనే షూలర్ అయింది. పాట కట్టినవాళ్ళు కావాలని చేశారని అనను.

ఇదే పాట అమెరికా వెళ్ళి వాళ్ళ స్వాతంత్ర్య యుద్ధం పాటగా స్థిరపడింది. ఐరిష్ రానివాళ్ళ నోళ్ళలో పల్లవి "షూల్ షూల్ షూలారూ, షూలా రాక్ షాక్, షూలా బాబా కూ" అయిపోయింది. ఆ చివరి 'కూ' మన 'క్యూన్' తోక అని నా ఊహ.

గుంపు పెద్ద:
మన 'ఉయ్యాలో', 'వలలో' ఒకప్పుడు ఏ మాటలో అని తవ్వడం మొదలుపెడితే ఇక తెల్లారదు. ఆ చర్చ వేరే పెట్టుకుందాం.

విశాఖ బాబాయి:
మన వి.వి. గిరి గారు లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళారు. 1916 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు. అది కూడా రాయండి.

గుంపు పెద్ద:
రాశారుగా బాబాయ్. ఇక నాలుగో పాదం.

తెనాలి మాస్టారు:
'స్లాన్' అంటే ఏమిటో ఎవరైనా వివరంగా చెప్పండి.

వ్యాకరణం పిచ్చోడు:
దెబ్బ తగలకుండా, నిండుగా, క్షేమంగా. వీడ్కోలుకీ అదే మాట: వెళ్ళేవాడితో 'స్లాన్ లత్' అంటారు, ఉండిపోయేవాడితో 'స్లాన్ అగత్' అంటారు. 'గొ జే తూ' ఆశీరర్థకం, మన "వెళ్ళుదువు గాక". మూడో పాదం ఆజ్ఞ, నాలుగోది దీవెన. ఆమె కోరిక "నాతో రా", జరిగింది "వెళ్ళు". అక్క అడిగిన తేడా అదే అనుకుంటా. ఇంటికి క్షేమంగా చేరమనడానికి 'స్లాన్ అవాల్యె' అని వేరే మాట ఉంది. పాట దాన్ని వాడలేదు.

తెనాలి మాస్టారు:
అయితే చిక్కు మన భాషలోనే ఉంది. మనం "వెళ్తా" అనం, "వెళ్ళొస్తా" అంటాం. "పో" అనం, "పోయి రా" అంటాం. తిరిగి రావడం మాటలో పెట్టకుండా మనిషిని గడప దాటించం. ఆ అలవాటుతో మనం "వెళ్ళి రా" అని రాసేస్తే పాట చచ్చిపోతుంది. ఫ్రాన్స్ చరణంలో ఏముంది తల్లీ?

కార్క్ కోడలు:
"అదృష్టం వెతుక్కుంటూ ఫ్రాన్స్ వెళ్ళాడు, తిరిగొస్తే అది ఏదో అదృష్టమే" అని మాస్టారూ.

తెనాలి మాస్టారు:
చూశావా! "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అంటాం కదా. అందులో సగమే రాయి. "క్షేమంగా వెళ్ళు." ఆ రెండో సగం కోసం తెలుగు చెవి కాచుకుంటుంది. అది రాదు.

వ్యాకరణం పిచ్చోడు:
మాస్టారూ, దండం. అలాగైతే మొదటి చిక్కుకీ దారి ఉంది. రహస్యాన్ని పిలుపులోంచి తీసి రెండో పాదంలో పెట్టండి. మీ 'ప్రాణమా' నిలుస్తుంది, నా 'గుట్టు' పోదు.

కార్క్ కోడలు:
రాత్రి కూర్చుని రాశాను. 'లేచిపోదాం' అని పెడితే పేపరు వార్తలా ఉందని తీసేశాను.

నడు, నడు, నడు నా ప్రాణమా
మెల్లగా నడు, గుట్టుగా నడు
తలుపుదాకా నడు, నాతో వచ్చెయ్
క్షేమంగా వెళ్ళు, నా చిన్నవాడా

ఫోన్లో అత్తయ్యకి చదివి వినిపించాను. ఆఖరి పాదం అయ్యీ అవగానే "లాభంగా రా, అనవే!" అంది. పాటలో లేదత్తయ్యా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "పిల్లలచేత పాడించకు" అంది.